వండర్ వుమన్‌కు కొత్త కొలతలు: ప్రభుత్వ పరీక్షల సంచాలకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరీక్షల సంచాలకుల వారికి,

కామిక్ పుస్తకంలోని సూపర్ హీరోయిన్ దుస్తులను మార్చి కొత్తగా గీయడం బొమ్మలు వేసేవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న సరదా. కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం నేర్చుకునేవాళ్ళకు అంతకంటే మంచి మొదటి పాఠం దొరకడం కష్టం. మనిషి ఒళ్ళు, గుడ్డ జారే తీరు, లోహం మెరుపు, వరసగా తిరిగే అంచు డిజైను, దూరం నుంచే గుర్తుపట్టగల ఆకారం, రంగుల పొందిక, ఆఖరున అచ్చు: ఇవన్నీ ఒకే బొమ్మలో ఎదురవుతాయి. ఎదురైన ప్రతి చిక్కూ సాఫ్ట్‌వేర్‌లోని ఒక పనిముట్టును వెతికిస్తుంది. మెనూలు పైనుంచి కిందికి బట్టీపట్టినవాళ్ళకు పనిముట్ల పేర్లు వస్తాయి గాని బొమ్మ రాదు.

ఈ సంగతి పరీక్షల విభాగానికి విన్నవించడానికి కారణం ఉంది. రాష్ట్రంలో టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు పేరిట లోయరు, హయ్యరు పరీక్షలు డ్రాయింగులోనూ, టైలరింగు–ఎంబ్రాయిడరీలోనూ, చేనేతలోనూ జరుగుతున్నాయి. ఆ తర్వాత వేసవిలో 42 రోజుల టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ (టీటీసీ) శిక్షణ ఉంటుంది. గజపతినగరం లాంటి ఊళ్ళో బొమ్మలు బాగా వేసే పిల్లకు సర్కారు ముద్రతో చేతికందే తొలి కాగితం చాలాసార్లు ఈ లోయరు సర్టిఫికెట్టే. కుంచె, కత్తెర, మగ్గం మూడింటినీ ఒకే గొడుగు కింద పరీక్షించే ఏర్పాటు ఇది. సూపర్ హీరోయిన్ దుస్తుల బొమ్మలో కలిసేవీ ఈ మూడే. హయ్యరు డ్రాయింగులో, కోరుకున్నవాళ్ళకు మాత్రమే, కంప్యూటర్ మీద గీసే పేపరు ఒకటి చేర్చాలనీ, దానికి దుస్తుల రూపకల్పననే అంశంగా తీసుకోవాలనీ ఈ లేఖ కోరిక. ఆ పేపరుకు ఏమి నేర్పాలి, ఎందుకు నేర్పాలి అన్నది ఇక్కడినుంచి వరసగా ఉంటుంది.

సూపర్ హీరోల బట్టలు సర్కస్ డేరాలోంచి వచ్చాయి. 1938 జూన్ తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్‌ను గీసిన జో షుస్టర్, ఒంటికి అతుక్కునే బిగుతు బట్టల మీద చెడ్డీ తొడిగే సర్కస్ వస్తాదుల వేషాన్నే తీసుకున్నాడు. చవక కాగితం మీద కండలు తిరిగిన మనిషిని తొందరగా చూపించడానికి అంతకంటే సుఖమైన దారి లేదు. ఒళ్ళు గీసి రంగు నింపితే చాలు, బట్ట కూడా అయిపోయినట్టే. ఉత్తరాంధ్రకు డేరాలూ వస్తాదులూ కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సొంత సర్కస్ కంపెనీతో దేశాలు తిరిగిన కోడి రామ్మూర్తినాయుడిని ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ కలియుగ భీముడనే తలుచుకుంటారు.

ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ ఒళ్ళు గీసి రంగు నింపే పద్ధతి ఇబ్బంది తెచ్చిపెట్టింది. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ రాయగా హెచ్.జి. పీటర్ గీసిన వండర్ వుమన్ 1941 చివర ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో తొలిసారి కనిపించింది. ఎర్రటి పైదుస్తు మీద బంగారు గద్ద, తెల్ల నక్షత్రాల నీలి స్కర్టు, తలకు కిరీటం, తూటాలను అడ్డుకునే కడియాలు ఆమె వేషం. స్కర్టు కొద్ది కాలంలోనే నిక్కరైంది, ఆ నిక్కరు ఏళ్ళు గడిచేకొద్దీ కురచబారుతూ వచ్చింది. 1968లో ఆమె శక్తులతో పాటు ఆ వేషాన్నీ వదిలేసి, డెన్నీ ఓ'నీల్, మైక్ సెకౌస్కీల చేతిలో మామూలు ఫ్యాషన్ బట్టల్లోకి మారింది. 1972లో గ్లోరియా స్టైనమ్ నడిపిన మిజ్ పత్రిక ఆమెను పాత వేషంలోనే ముఖచిత్రంగా వేసింది. 1973 మొదట్లో కామిక్‌లోనూ పాత బట్టలు తిరిగొచ్చాయి. 1982లో రొమ్ము మీది గద్ద రెండు డబ్ల్యూ అక్షరాలుగా మారింది. 2010లో 600వ సంచిక సందర్భంగా జిమ్ లీ ఆమెకు నల్లటి పొడుగు ప్యాంటూ పొట్టి కోటూ తొడిగితే అభిమానులు రెండు వర్గాలయ్యారు. మరుసటి ఏడు కథలన్నీ మళ్ళీ మొదటినుంచి ప్రారంభించినప్పుడు తొలి ప్రచార చిత్రాల్లో ప్యాంటుతో ఉన్న ఆమె, పుస్తకం అచ్చయ్యేసరికి మళ్ళీ నిక్కరులో ఉంది.

గొడవ కామిక్ పుస్తకాలు దాటి బయటికీ వచ్చింది. 2016 అక్టోబరు 21న ఐక్యరాజ్యసమితి వండర్ వుమన్‌ను స్త్రీలు, బాలికల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. ఒంటిని చూపే ఆ బట్టలతో ఒక బొమ్మ ఆ పదవికి తగదని ఐరాస ఉద్యోగులే సంతకాలు సేకరించారు. డిసెంబరుకల్లా ఆమె రాయబారి పాత్ర ముగిసిపోయింది. ఇంత రభస జరిగిన అంశాన్ని పరీక్షలో పెడితే పిల్లలు గీయడమే కాదు, ఎందుకు అలా గీశారో చెప్పవలసి కూడా వస్తుంది. డ్రాయింగు పరీక్షల్లో సాధారణంగా లేనిదీ, ఉండవలసిందీ అదే.

నిలిచిన మార్పులను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. 2014లో కామెరాన్ స్టూవార్ట్, బ్యాబ్స్ టార్ కలిసి బ్యాట్‌గర్ల్‌కు తోలు జాకెట్టు, పసుపు బూట్లు, ప్రెస్ బటన్లతో ఊడివచ్చే కేపు ఇచ్చారు. బజారులో కొనుక్కుని ఇంట్లో కుట్టుకోగల వేషం అది. అదే ఏడు సొంత పుస్తకంతో వచ్చిన మిజ్ మార్వెల్ కమలా ఖాన్, పాకిస్తానీ మూలాల అమెరికన్ పిల్ల. ఆమె వేషానికి కథలో ఈత కోసం వాడే బుర్కినీయే ఆధారం, మెడకు దుపట్టా లాంటి కండువా. ఈ రెండు వేషాల్లోనూ గుడ్డ ఏమిటో, ఎక్కడ కుట్టు పడుతుందో, ఆ అమ్మాయి దాన్ని ఎలా తొడుక్కుంటుందో కనబడుతుంది. మన వైపు చూస్తే, తెలుగు ఇంటిపేరున్న అమెరికా చిత్రదర్శకుడు రామ్ దేవినేని డాన్ గోల్డ్‌మన్ బొమ్మలతో 2014లో తెచ్చిన ప్రియాస్ శక్తిలో ప్రియ పులి మీద వస్తుంది. అత్యాచారానికి గురై నిలదొక్కుకున్న ఆ అమ్మాయికి సర్కస్ బిగుతు బట్టలు తగిలించకపోవడమే ఆ పుస్తకం చేసిన మంచి పని.

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల విద్యార్థికి బలమైన స్త్రీ శరీరం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అమెరికా పుస్తకం అక్కర్లేదు. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ బరువులెత్తేవాళ్ళ ఊరుగా పేరుపడింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో గెలుచుకున్న కాంస్యం, పైనున్న క్రీడాకారిణి డోపింగులో దొరకడంతో రజతమైంది. కామిక్ బొమ్మల్లో సూపర్ హీరోయిన్ నడుము చేతి మణికట్టంత ఉంటుంది. బరువులెత్తే అమ్మాయి నడుము అలా ఉండదు. వెన్ను, తొడలు, మెడకూ భుజానికీ మధ్య కండ దిట్టంగా ఉంటాయి. అసలు బలం ఉండేది అక్కడ.

వాళ్ళ బట్టలు కూడా మంచి పాఠమే. బరువులెత్తేవాళ్ళు బిగుతైన సింగ్లెట్ వేసుకునేది అందానికి కాదు. మోచేయి పూర్తిగా చాచారా, మోకాలు నిలిచిందా అన్నది న్యాయనిర్ణేతలకు కనబడాలి. నడుముకు కట్టే బెల్టు 12 సెంటీమీటర్లకు మించి వెడల్పు ఉండకూడదు. 2011లో అంతర్జాతీయ సమాఖ్య నిబంధన మార్చి, ఒళ్ళంతా కప్పే బిగుతు దుస్తును సింగ్లెట్ కింద వేసుకోనిచ్చింది. ఒళ్ళు కప్పినా కీళ్ళ కదలిక తెలుస్తుందని తేలాక అభ్యంతరం పోయింది. బట్టకు కారణం ఉండటమంటే ఇదీ. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళను చూసినా ఇదే కనిపిస్తుంది. రేకు తప్పెట రొమ్ము మీద, గజ్జెలు కాళ్ళకు, మువ్వలు నడుముకు, పొట్టి చెడ్డీ మోకాలిపైకి. ఎగిరి గంతేసేటప్పుడు ఏదీ అడ్డు రాని చోట ప్రతిదీ ఉంటుంది. ఆ అమరికలో సగాన్ని సూపర్ హీరోయిన్ వేషంలోకి ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు.

గుడ్డకైతే పొందూరు ఉంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి వడికే సన్నఖాదీ శరీరం మీద పడే తీరు వేరు, బిగుతు లైక్రా పడే తీరు వేరు. సన్నఖాదీ కుచ్చిళ్ళు చిన్నవిగా, దగ్గరదగ్గరగా, మెత్తని అంచులతో విరుగుతాయి. లైక్రాకు మడతలే ఉండవు, కీళ్ళ దగ్గర సాగిన గీతలు మాత్రమే ఉంటాయి. తోలుకు మడత గట్టిగా, మెరుపు అంచున పడుతుంది. ఈ తేడా కళ్ళతో చూడకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళ బొమ్మల్లో అన్ని గుడ్డలూ ప్లాస్టిక్‌లా ఉంటాయి. చీర మడతను రంగుల్లో పట్టుకోవడంలో శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యను మించినవాళ్ళు తక్కువ. ఆయన తండ్రి డ్రాయింగు ఉపాధ్యాయుడు. చందమామ ముఖచిత్రాల మీది వపా సంతకం చూస్తూ పెరిగిన తరాలకు ఆయన నీటిరంగులే పాఠశాల. విజయనగరంలో చిత్రకళ నేర్పిన అంట్యాకుల పైడిరాజు గీసిన పల్లె స్త్రీలు కూడా ఇదే పాఠం మరో దారిలో చెబుతారు. కంప్యూటర్ పేపరు పెట్టినంత మాత్రాన వీళ్ళను పక్కన పెట్టనక్కర్లేదు. వీళ్ళను చూసి నకలు తీయడమే దాని మొదటి అభ్యాసం కావాలి.

ఇక సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టకుండా, దొంగ కాపీ వాడకుండా నేర్చుకోవాలంటే క్రిత సరైనది. కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహంలో 1990ల ఆఖరున మొదలైన పని అది. మొదట ఫొటోలు దిద్దేదిగా అనుకున్నా, తర్వాత పూర్తిగా బొమ్మలు వేసేవాళ్ళ వైపు మళ్ళింది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫ్రాన్స్ చిత్రకారుడు డేవిడ్ రెవోయ్ పెప్పర్ అండ్ క్యారట్ అనే కామిక్‌ను దీనితోనే గీసి అందరికీ ఉచితంగా ఇస్తున్నాడు. దాని మూల ఫైళ్ళు కూడా తెరిచి చూసుకోవచ్చు. ఫ్లెక్సీ షాపుల్లో ఫొటోషాప్, కోరల్‌డ్రా అలవాటు ఉన్నవాళ్ళకు క్రిత మొదట చేతికి రాకపోవచ్చు. లేయర్లు, బ్రష్షులు, బ్లెండింగులు అన్న మూల సూత్రాలు అన్నిచోట్లా ఒకటే కాబట్టి ఒకచోట నేర్చింది మరోచోట వృథా పోదు. పరీక్ష ఏ ఒక్క కంపెనీ సరుకునూ తప్పనిసరి చేయకూడదు.

నేర్చుకునే క్రమంలో మొదటి అడ్డంకి పెన్ ట్యాబ్లెట్. తెర లేని చిన్న ట్యాబ్లెట్ మీద చేయి ఒకచోట కదులుతుంది, గీత మరోచోట పడుతుంది. కన్నూ చేయీ కుదురుకోవడానికి రోజులు పడతాయి. ఈ దశలో చాలామంది తమకు చేతకాదని వదిలేస్తారు. తప్పు చాలాసార్లు చేతిది కాదు, అమరికది. ట్యాబ్లెట్ పొడవు వెడల్పుల నిష్పత్తి, తెర నిష్పత్తి ఒకటి కాకపోతే గుండ్రంగా తిప్పిన గీత తెర మీద కోడిగుడ్డవుతుంది. డ్రైవర్‌లో నిష్పత్తి కలిపితే ఆ బాధ తీరుతుంది. తర్వాత పీడనం. పెన్ను నొక్కేకొద్దీ గీత లావెక్కాలి, వదిలేకొద్దీ సన్నబడాలి. చేయి బలంగా నొక్కేవాళ్ళకూ తేలిగ్గా ఆనించేవాళ్ళకూ ఒకే పీడన వక్రరేఖ సరిపడదు. దాన్ని సెట్టింగుల్లో ఎవరికి వారు దిద్దుకోవాలి. వణుకు పట్టే గీతను స్టెబిలైజర్ సాపు చేస్తుంది. పొడవైన కేపు అంచు గీసేటప్పుడు అది వరం. ముఖం గీసేటప్పుడు అదే చేతికి బరువు, అక్కడ ఆపేయాలి.

కొత్త ఫైలు ఎ4 సైజులో అంగుళానికి 300 చుక్కలతో తెరిస్తే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్ళు వస్తాయి. ఇంతకంటే చిన్న ఫైలులో మొదలుపెట్టి, తర్వాత పెద్దది చేసి అచ్చుకు ఇచ్చే అలవాటు వల్ల గీతలు మసకబారిన ఫ్లెక్సీలు ఈ ప్రాంతంలో ప్రతి కూడలిలోనూ వేలాడుతున్నాయి. లేయర్లు అన్న ఊహ ఫొటోషాప్‌లోకి 1994లో, 3.0తో వచ్చింది. అప్పటినుంచి బొమ్మలు వేసేవాళ్ళ ఆలోచనే మారింది. సూపర్ హీరోయిన్ బొమ్మకు లేయర్ల వరస బట్టలు తొడిగే వరసే. అన్నిటికంటే కింద ఒంటి కొలతల నమూనా, దాని మీద లోపలి దుస్తు, ఆ పైన పైదుస్తు, బెల్టు, కడియాలు, తలకట్టు, చివర కేపు. పేర్లు పెట్టకుండా ‘లేయర్ 14’, ‘లేయర్ 15’ అని వదిలేసిన ఫైలును రెండో రోజు గీసినవాళ్ళే పోల్చుకోలేరు. పరీక్షలో లేయర్ల పేర్లకు కొన్ని మార్కులు కేటాయించడం మంచిదనడానికి ఇదే కారణం.

మొదటి ముసాయిదా కాగితం మీద పెన్సిలుతో వేయడమే మేలు. దాన్ని ఫోనుతో ఫొటో తీసి కింది లేయరులో పెట్టి, మసకపరిచి, దాని మీద గీయవచ్చు. గీస్తుండగా ఎం మీట నొక్కితే క్రితలో బొమ్మ అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది. ఒక కన్ను పైకీ ఒక భుజం కిందికీ పోయిన సంగతి అప్పుడు బయటపడుతుంది. అచ్చం ఒకే తీరులో రెండు వైపులా ఉండే రొమ్ము కవచాన్ని సిమెట్రీ పనిముట్టుతో ఒక వైపే గీస్తే చాలు. పైట మాత్రం ఒక భుజం మీదే ఉంటుంది కనుక అక్కడ సిమెట్రీ ఆపేయాలి. కొత్తవాళ్ళు ఈ మీట ఆపడం మరిచి రెండు పైటలు వేయడం సర్వసాధారణం.

ఆకారం తేలాక దాన్ని మొత్తం నల్లగా నింపి చూడాలి. నల్ల ముద్దగా ఉన్నా ఇది ఈ హీరోయినే అని తెలిస్తేనే వేషం నిలిచినట్టు. వండర్ వుమన్‌కు తలకట్టు, కడియాలు, ఆయుధంగా వాడే తాడు తీసేస్తే నల్ల ముద్ద ఎవరిదో చెప్పలేం. 2010 నాటి కోటు, ప్యాంటు అంతగా అతకకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, ఆ నల్ల ముద్ద ఏ వీధిలో నడిచే అమ్మాయిదైనా కావచ్చు. బ్యాట్‌గర్ల్ కొత్త వేషంలో చెవులూ కేపూ ఉంచారు కనుక బతికింది.

గీతలు ఖాయమయ్యాక రంగు నింపడం. ఒక్కో భాగం అంచు చుట్టూ చేత్తో నింపడం చాలా పొద్దు తీసుకుంటుంది. క్రితలో కలరైజ్ మాస్క్ అనే పనిముట్టు ఉంది. ప్రతి భాగంలో ఒక రంగు గీత గీసి వదిలితే, గీతల హద్దులు చూసుకుని అది తానే పరుచుకుంటుంది. నీడకు వేరే లేయరు పెట్టి, దానికి కింది లేయరు హద్దులు దాటకుండా ఇన్‌హెరిట్ ఆల్ఫా బిగిస్తే, బ్రష్షు ఎంత విసిరినా నీడ బట్ట దాటి పోదు. ఆ నీడ లేయరు బ్లెండింగు మల్టిప్లై. చీర అంచులాంటి తిరిగి తిరిగి వచ్చే డిజైనుకు డబ్ల్యూ మీట నొక్కితే కాన్వాసు నాలుగు దిక్కులకూ పరుచుకుపోయి, ఒక ముక్క గీసేటప్పుడే అతుకు కనబడకుండా కలుస్తుందో లేదో చూపిస్తుంది. చేనేత సబ్జెక్టు తీసుకున్నవాళ్ళు ఈ పని తొందరగా పట్టేస్తారు, డిజైను ఎక్కడ మొదలై ఎక్కడ మళ్ళీ మొదలవుతుందో లెక్కపెట్టడం వాళ్ళకు రోజూ ఉన్నదే. అలా తయారైన అంచు ముక్కను కుచ్చిళ్ళ వంపును బట్టి ట్రాన్స్‌ఫామ్ మాస్క్‌తో వంచాలి. తిన్నగా అతికించిన అంచు గుడ్డను అట్టముక్కలా చేస్తుంది. కడియాల లోహానికి ఇంకో సూత్రం. పత్తిగుడ్డ మీద వెలుగు మెల్లగా నీడలోకి కరుగుతుంది, లోహం మీద వెలుగు పక్కనే చీకటి తెగినట్టు పడుతుంది. మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో లోహం గీసినవాళ్ళ కడియాలు రబ్బరు గాజుల్లా ఉంటాయి.

రంగులు కుదిరాయో లేదో చూడటానికి అన్నిటికంటే పైన ఒక నల్ల లేయరు పరిచి, దాని బ్లెండింగును కలర్‌కు మారిస్తే బొమ్మంతా నలుపు తెలుపుల్లోకి వెళ్తుంది. ఎరుపు, నీలం అక్కడ ఒకే బూడిద రంగయితే, తెర మీద ఎంత తళతళలాడినా దూరం నుంచి కలిసిపోతాయి. పాత కామిక్ రంగులను అచ్చు యంత్రమే నిర్ణయించేది. 1962లో మొదటి సంచికలో బూడిద రంగులో పుట్టిన హల్క్, ఆ బూడిద పేజీ పేజీకీ మారిపోతుండటంతో ఆకుపచ్చవాడయ్యాడు. ఇప్పటి చిక్కు వేరు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో పని చేస్తుంది, అచ్చు నాలుగు ఇంకులతో పని చేస్తుంది. తెర మీది నియాన్ ఆకుపచ్చ, విద్యుత్ నీలం ఏ ఇంకుతోనూ రావు. క్రితలో సాఫ్ట్ ప్రూఫింగు ఆన్ చేస్తే ఆ నష్టం ముందే కనబడుతుంది. లేదంటే ప్రింటు తీసుకున్నాకే తెలుస్తుంది.

ఒక్క నిలువు బొమ్మతో దుస్తుల రూపకల్పన పూర్తి కాదు. ముందు, పక్క, వెనక మూడు వైపులా ఒకే ఎత్తులో నిలబెట్టి గీయాలి. వెనక వైపు గీయమంటేనే చాలామంది దగ్గర సరుకు అయిపోతుంది, ఎందుకంటే కామిక్ పుస్తకంలో కేపు దాన్ని కప్పేస్తుంది. జిప్పు ఎక్కడుంది, కాజాలు ఎటు తిరిగాయి, చేయి పైకెత్తితే చంక కింద గుడ్డ చాలుతుందా, కూర్చుంటే బెల్టు పొట్టలో దిగుతుందా అన్నవి దర్జీ అడిగే ప్రశ్నలు. టైలరింగు హయ్యరు పాసైన పరీక్షకురాలు ఈ షీట్లను దిద్దితే డ్రాయింగు పరీక్షకుడికి కనబడని తప్పులు దొరుకుతాయి. ఆ రెండు సబ్జెక్టులూ ఒకే విభాగంలో ఉన్నందుకు దక్కే ప్రయోజనం ఇది.

షీటు మీద తెలుగులో పేర్లూ వివరాలూ రాయవలసి వస్తుంది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడిచే అను ఫాంట్ల పాఠం యూనికోడ్ కాదు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు రాసినా, పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. స్త్రీ, శక్తి అని టైపు చేసి ఒత్తులు కుదిరాయో లేదో చూసుకున్నాకే ముందుకు పోవడం క్షేమం. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో గురజాడ, గిడుగు పేర్లతో ఉన్నవీ ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం విద్యార్థులకు వేరే సిఫారసు అక్కర్లేదు.

సామగ్రి మాట. పాత కంప్యూటర్‌కు తగిలించుకునే చిన్న పెన్ ట్యాబ్లెట్ రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. 2022, 2023 డిసెంబరు నెలల్లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు రాష్ట్రం ట్యాబులు పంచింది. వాటిలో పాఠాలు చూడటానికే ఏర్పాటు ఉంది, పీడనం గుర్తించే పెన్ను లేదు. వేలితో గీయడానికి ఫోనులోనూ నడిచే ఐబిస్ పెయింట్ లాంటి యాప్‌లు లేయర్లు అంటే ఏమిటో నేర్పడానికి చాలు. క్రితకు ఆండ్రాయిడ్ రూపం ఉన్నా అది పెద్ద ట్యాబుల కోసం చేసింది. అందువల్ల పరీక్షా కేంద్రంలోనే యంత్రాలు పెట్టవలసి ఉంటుంది. ఇది చిన్న ఖర్చు కాదన్నది నిజం. జిల్లాకు ఒకే కేంద్రం, కోరుకున్నవాళ్ళకే ఆ పేపరు అన్న ఏర్పాటుతో మొదలుపెడితే భారం తగ్గుతుంది.

వండర్ వుమన్ బొమ్మ మీద హక్కులు డీసీ కామిక్స్‌వి. ఆ బొమ్మను మార్చి టీ షర్టు మీద అచ్చేసి అమ్మడం నేరమే. అయితే 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేసే నకళ్ళనూ, పరీక్ష ప్రశ్నలో వాడటాన్నీ, జవాబులో వాడటాన్నీ ఉల్లంఘన కాదని చెబుతోంది. కనుక ప్రశ్నపత్రంలో ఆమె బొమ్మ ఇవ్వడానికి అడ్డు లేదు. సర్టిఫికెట్ వచ్చాక ఆ షీట్లు చూపించి పని అడగదలచిన విద్యార్థి మాత్రం సొంత పేరుతో సొంత హీరోయిన్‌ను గీసుకోవడం మంచిది. ఆమెది కొండవెలగాడ అయినా సరే, గజపతినగరం అయినా సరే.

ప్రశ్న ఇలా ఉండవచ్చు. ఒక సూపర్ హీరోయిన్ పాత బొమ్మ ఇచ్చి, ఆమె ఏ పని చేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పి, ఆ పనికి తగిన దుస్తులు మూడు వైపులా గీయమనాలి. వాడిన గుడ్డ ఏమిటో, ఎందుకో విద్యార్థి సగం పేజీ తెలుగులో రాయాలి. సమయం ఐదు గంటలు, మధ్యలో గంట విరామం. సమర్పించవలసినవి లేయర్లు విడివిడిగా ఉన్న మూల ఫైలు, అచ్చుకు సిద్ధమైన పీడీఎఫ్, కాగితం మీది పెన్సిల్ ముసాయిదా. పరీక్షకులు ఇద్దరు, ఒకరు డ్రాయింగు నుంచి, ఒకరు టైలరింగు నుంచి.

ఇట్లు,
గజపతినగరం నుంచి, విజయనగరం జిల్లా